ఎగురు కప్పయు వాలేసు పండితుడును

కప్ప యనగానే మనకు నూయియు, చెరువును, బురదయు జ్ఞప్తికి వచ్చును. కాని బోర్నియో ద్వీపపు టడవులలో మహావృక్షముల కొమ్మలయందు నివసించుచు, చెట్టుపైనుండి గాలిలో తేలుచు దిగివచ్చు కప్పలు కలవు. అట్టి కప్పను వర్ణించి పండితలోకమున కెఱుకపరచిన ఆల్ఫ్రెడు రస్సెల్ వాలేసు చరిత్రము బాలబాలికలు తెలిసికొనదగినది.

వాలేసు 1823 వ సంవత్సరము జనవరి 8 వ తేదీన వేల్సు దేశమునందు అస్కు పట్టణము చేరువను జన్మించెను. తండ్రి ధనము కోల్పోయిన వాడగుటచే పదునాలుగవ యేటనే యితని బడిచదువు ముగిసెను. అన్నయగు విలియముతో భూములు కొలుచుచు పొలముల వెంబడి తిరుగునప్పుడు మొక్కలపై నితనికి ప్రీతి కలిగెను. 1844 లో లీస్టరు పట్టణమున ఉపాధ్యాయుడై, బేట్సు అను యువకుని స్నేహముచే పురుగులను సేకరించు విద్య నేర్చెను.

1848 లో ఈ మిత్రు లిరువురును దక్షిణ అమెరికాలోని అమెజాను నదీప్రాంతమునకు బోయిరి. వాలేసు నాలుగేండ్లు శ్రమించి, తన సేకరణముతో ఇంటికి మరలుచుండగా, 1852 ఆగష్టు 6 వ తేదీన నడిసముద్రమున ఓడ తగులబడెను. పక్షులు, పురుగులు, వ్రాతలు దాదాపు సర్వమును అగ్నిపాలయ్యెను. పదిదినములు చిన్నపడవలో ఎండకు మాడి, దప్పికకు తాళి, తుదకు మరియొక ఓడవారిచే రక్షింపబడెను. ఇంకొకడైనచో ఇక సముద్రమువంక చూడకుండును. వాలేసు రెండేండ్లలోనే, 1854 లో, సింగపూరు చేరెను.

మలయా ద్వీపసముదాయమున నతడు ఎనిమిదేండ్లు, సుమారు 14,000 మైళ్లు తిరిగి, 125,660 ప్రాణి నమూనాలను సేకరించెను. అలీ యను మలయా బాలుడు అతనికి వంటయందును, పక్షుల సేకరణమునందును కుడిభుజమై యుండెను.

1855 లో సారవాకు దేశమున సిముంజాను బొగ్గుగనుల యొద్ద నతడు విడిసియుండగా, ఒక చీనా కూలివాడు వింతకప్పను తెచ్చియిచ్చి, అది యెత్తైన చెట్టునుండి ఏటవాలుగా ఎగురుచున్నట్లు దిగుట తాను చూచితినని చెప్పెను. వాలేసు ఆ మాటను నవ్వి త్రోసివేయలేదు. కప్పను శ్రద్ధతో పరీక్షించెను. దేహము నాలుగంగుళములు, వీపు నిగనిగలాడు పచ్చన, వ్రేళ్లనడుమ పసుపు చారలుగల నల్లని పొరలు. నాలుగు పాదముల పొరలును విప్పినచో 12 చదరపు టంగుళముల వైశాల్యము కలిగెను. వ్రేళ్ల కొనలయందు ఆకులకు అంటుకొనుటకు బిళ్లలుండెను. ఇది పక్షివలె రెక్కలాడించి యెగురునది కాదు; పొరలను గొడుగువలె విప్పి గాలిపై జారునది. వాలేసు దాని చిత్రమును రంగులతో వ్రాసికొనెను. 1869 లో ప్రకటించిన తన యాత్రాగ్రంథమున, ఆ కప్పను తెచ్చినవాడు కూలివాడేయని మఱువక తెలిపెను.

ఈ కప్ప గ్రుడ్లు పెట్టుటకు చెట్లపైనుండి దిగి, నీటిగుంటలపై వ్రేలాడు ఆకులయందు నురుగుతో గూడు కట్టును. పిల్లలు వెలువడి క్రింది నీటిలో పడును. కావున ఎత్తైన చెట్టును, దాని క్రింది నీటిగుంటయు రెండును దీనికి కావలెను.

1858 లో మొలక్కా ద్వీపములలో జ్వరపీడితుడై యుండగా, ప్రాణిజాతులు క్రమముగా మారుటకు గల కారణ మతనికి స్ఫురించెను. దానిని వ్యాసముగా వ్రాసి డార్విను పండితునికి పంపెను. డార్విను ఇరువదియేండ్లుగా అదే విషయమును పరిశోధించుచుండెను! ఇరువురి వ్రాతలును జూలై 1 వ తేదీన లండనులోని లిన్నియను సభయందు కలిపి చదువబడెను. కీర్తిలో అధికభాగము డార్వినుకు దక్కినను, వాలేసు అసూయపడక, తన యాత్రాగ్రంథమును ఆయనకే అంకితము చేసెను.

వాలేసు మతాభిప్రాయములు కొన్ని మన విశ్వాసమునకు సరిపడవు. అయినను సత్యమునందు ప్రీతి, ఇతరుల పాలు ఇతరులకిచ్చు న్యాయబుద్ధి మనకు ఆదర్శములు. ప్రాణిజాతులు భూమిచరిత్రమను గ్రంథమున అక్షరములవంటివనియు, అవి నశించినచో ఆ గ్రంథము అర్థముకాకపోవుననియు నతడు 1863 లోనే హెచ్చరించెను. 1913 నవంబరు 7 వ తేదీన, తొంబదియవ యేట, ఇంగ్లండులో కాలధర్మము నొందెను.

నేడు కలపకొఱకును, నూనెతాటి తోటలకొఱకును బోర్నియో యడవులు విస్తారముగా నరకబడినవి. చెట్టు పోయిన పిమ్మట ఎంత వెడల్పు పాదములున్నను ఆ కప్ప ఎచ్చటినుండి యెగురగలదు? సృష్టికర్త మనకు అప్పగించిన గ్రంథమున అక్షరములను చెఱుపక, చదువనేర్చుట విద్యార్థుల ధర్మము.