బొబ్బిలి రాజాను ఓడించిన బారిష్టరు

శ్రీకాకుళం, టెక్కలి, ఇచ్ఛాపురం గంజాం జిల్లాలో ఉన్న రోజులవి. ఆ జిల్లాలోని బరంపురంలో జోగయ్య పంతులుగారు పేరున్న న్యాయవాది. తర్వాత రాష్ట్రపతి అయిన వరాహగిరి వెంకటగిరి ఆయన కుమారుడే. పుట్టింది 1894 ఆగస్టు 10న.

బారిష్టరు చదువంటే అందరికీ లండన్ గుర్తుకొస్తుంది. గిరి 1913లో ఐర్లండ్ వెళ్లి, డబ్లిన్‌లోని కింగ్స్ ఇన్స్ అనే న్యాయవాదుల సంస్థలో చేరారు. సొలిసిటరు కక్షిదారు కాగితాలు సిద్ధం చేస్తే, కోర్టులో నిలబడి వాదించేది బారిష్టరు. ఆ పట్టాకు పరీక్షలు ప్యాసైతే చాలదు. సంస్థ భోజనశాలలో లెక్క ప్రకారం ఇన్నిసార్లని భోజనాలకు హాజరు కావాలి. వింత నియమమే గాని తప్పదు. పైగా యూనివర్శిటీలో ఏడాది చదవాలి. అలా 1914లో చేరిన మొదటి 13 మంది భారతీయ విద్యార్థులలో గిరి ఒకరు.

ఐర్లండ్ కూడా అప్పుడు ఇంగ్లీషువారి ఏలుబడిలోనే ఉండేది. దక్షిణాఫ్రికాలో మనవారి బాధలపై గిరి, మిత్రులు ఓ కరపత్రం వేశారు. పోలీసుల కన్ను పడింది. 1916 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో తిరుగుబాటు లేచింది. గిరికి ఇంగ్లీషు పాఠం చెప్పిన మెక్‌డొనా ఆ నాయకులలో ఒకరు. మే 3న ఆయనను కాల్చి చంపారు. భారతీయ విద్యార్థుల గదులు సోదా చేశారు. నెలలోగా దేశం విడిచిపొమ్మని జూన్ 1న గిరికి నోటీసు వచ్చింది. అదృష్టమేమంటే, ఆ గడువులోనే, జూన్ 21న, బారిష్టరు పట్టా చేతికందింది. బి.ఏ. మాత్రం మధ్యలోనే ఆగిపోయింది.

తిరిగివచ్చి మదరాసు హైకోర్టులో పేరు నమోదు చేసుకున్నారు. ప్రాక్టీసు పుంజుకుంటుండగా 1920లో గాంధీజీ పిలుపు విని కోర్టు మానేశారు. అంత దూరం పోయి తెచ్చుకున్న పట్టా నాలుగేళ్లకే మూలపడింది. సారా దుకాణాల వేలాన్ని ఎదిరించి 1922లో జైలుకెళ్లారు. తర్వాత బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టారు.

1937 ఎన్నికలలో మదరాసు ముఖ్యమంత్రిగా ఉన్న బొబ్బిలి రాజాపై, రాజావారి సొంత గడ్డ మీదనే పోటీచేసి గెలిచారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లి కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో ఆ పదవి వదులుకున్నారు.

1957లో పార్వతీపురం నుంచి ఇద్దరు సభ్యులను ఎన్నుకోవాలి. ఒక స్థానం గిరిజనులకు రిజర్వు. రెండవ స్థానం కూడా గిరిజన అభ్యర్థి డిప్పల సూరిదొరకే దక్కింది. గిరికి 565 ఓట్లు తగ్గాయి. రిజర్వు స్థానానికి నామినేషన్ వేసినవారికి జనరల్ స్థానం ఇవ్వరాదని గిరి వ్యాజ్యం వేశారు. అది సుప్రీంకోర్టు దాకా పోయింది. గిరిజనుడైనంత మాత్రాన జనరల్ స్థానం కాదనడానికి వీల్లేదని 1959లో తీర్పు వచ్చింది. బారిష్టరుగారు తన సొంత కేసు ఓడిపోయారు. అప్పటికి ఆయన ఉత్తరప్రదేశ్ గవర్నరు.

1969లో రాష్ట్రపతి అయ్యాక ఆ ఎన్నికపైనా కేసు పడింది. పదవిలో ఉంటూనే 1970లో సుప్రీంకోర్టుకు స్వయంగా వెళ్లి సాక్ష్యం చెప్పారు. ఆ కేసు గెలిచారు. 1980 జూన్‌లో మదరాసులో కన్నుమూశారు.