మొక్కల జనాభా లెక్క వ్రాసిన డార్విను

చార్లెస్ డార్విను పేరు వినగనే కోతికిని మానవునికిని గల చుట్టఱికమే చాలమందికి గుర్తు వచ్చును. ఆయన గ్రంథమొక్కటియు తెఱచి చూడనివారు సైతము ఆ విషయమై గంటలకొలది వాదింపగలరు. అయితే ఆయన జీవితమున అధికభాగము గడచినది మొక్కల నడుమ. అవియును అపురూపమైన మొక్కలు కావు. పెరటిలోని కలుపు, దారిప్రక్క పచ్చిక, గుంట గట్టున బురదలో దాగిన గింజలు. ఒకచోట ఎన్ని మొలచెను, ఎన్ని నశించెను, వేనివలన నశించెను అను ప్రశ్నలకు లెక్కపెట్టి సమాధానము వెదకిన తొలివారిలో ఆయన ఒకరు.

ఆయన 1809 ఫిబ్రవరి 12వ తేదీన ఇంగ్లండులోని ష్రూస్‌బరీ పట్టణమున జన్మించెను. తండ్రి రాబర్టు పేరుమోసిన వైద్యుడు. ఎనిమిదవ యేట తల్లి గతించెను. వైద్యము చదువుటకై 1825లో ఎడింబరోకు పంపగా, మత్తుమందులు లేని ఆనాటి శస్త్రచికిత్సలను చూడజాలక రెండేండ్లకే ఆ చదువు విడిచెను. కుమారుడు ఎందునకును కొఱగాకుండ పోవునని దిగులుపడిన తండ్రి, మతాచార్యుడైనను కాగలడని కేంబ్రిడ్జిలో చేర్చెను. అచట వృక్షశాస్త్రాచార్యుడైన హెన్స్‌లో దొరకుట ఆయన అదృష్టము. ఈ ఆచార్యుడు ఒకే జాతి మొక్కలను పలుచోట్లనుండి సేకరించి, పొట్టివానిని పొడుగువానిని ఒకే కాగితముపై ప్రక్కప్రక్కన అతికించువాడు. ఒక జాతిలోని భేదములు ఎంతవఱకు పోవునో చూడవలెనని ఆయన కోరిక. జాతికి ఒక్క నమూనా చాలునని తలచు ఆ రోజులలో ఇది సామాన్యమైన అలవాటు కాదు.

1831 డిసెంబరు 27న బీగిల్ నౌకపై బయలుదేరి, అయిదేండ్లు లోకము చుట్టి, 1836 అక్టోబరులో డార్విను తిరిగివచ్చెను. గలపగోస్ దీవులలో పట్టిన పక్షులలో పెక్కింటికి ఏది ఏ దీవిదో గుర్తు వ్రాయక ఆయన చిక్కుపడిన సంగతి ప్రసిద్ధమే. మొక్కల విషయమున మాత్రము గురువు నేర్పిన క్రమము తప్పలేదు. ఏ దీవి మొక్కలకు ఆ దీవి పేరు వ్రాసియుంచెను. అందువలననే పిమ్మట జోసెఫ్ హుకరు వానిని పరిశీలించి, ఒక్కొక్క దీవికి ప్రత్యేకమైన జాతులు గలవని తేల్చగలిగెను.

1838లో మాల్తూసు జనాభా గ్రంథము చదివిన డార్వినునకు జీవన సంగ్రామమను భావము స్థిరపడెను. మఱుసటి యేట మేనమామ కూతురు ఎమ్మాను వివాహమాడెను. మన ఇండ్లలో మేనరికమనునదే. 1842లో కెంటు జిల్లాలోని డౌన్ గ్రామమునకు కాపురము మార్చి, జీవితాంతము అచటనే ఉండెను. అంతుపట్టని వ్యాధి ఆయనను తఱచు మంచమున పడవేయుచుండెను. దూరప్రయాణములు చేయలేని ఆ మనుష్యునకు పెరడే ప్రయోగశాల అయ్యెను.

1855లో పిల్లల ఉపాధ్యాయినితో కలిసి ఇంటిచేరువనున్న గ్రేట్ పక్‌లాండ్స్ అను పొలములోని మొక్కలన్నింటికి పట్టిక వ్రాయ మొదలిడెను. పదునైదేండ్లుగా దున్నక విడిచిన ఆ బీటిలో 142 రకములు కనబడెను. ప్రక్కన సాగులో నున్న పొలముతో పోల్చి, కొత్తగా వచ్చినవేవో, పోయినవేవో చూడవలెనని ఆయన తలంపు.

మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల మడిని త్రవ్వి శుభ్రము చేయించి, అందు తమంతట మొలచు కలుపుమొక్కలను గుర్తించుచు వచ్చినది 1857లో. మొలచినప్పుడే ప్రతి మొలకకు గుర్తు పెట్టుచుండెను. వచ్చిన ప్రతి కాగితమునకు సంఖ్య వేసి, దాని గతి తేలువఱకు విడువని కచేరీ పద్ధతి వంటిదే ఇది. మొత్తము 357 మొలచెను. వానిలో 295 నశించెను. వానిని ముఖ్యముగ తినివేసినవి చిప్పలేని నత్తలును పురుగులును. ఇతర మొక్కల పోటీ లేని ఖాళీనేలలోనే బ్రతికి బయటపడినవి 62! మిగిలిన మొక్కలను మాత్రమే చూచి పోవువానికి ఈ మరణముల జాడయే తెలియదు. చచ్చినదానిని లెక్కింపవలెనన్న పుట్టినదానిని ముందే గుర్తింపవలెను. మొక్కల జనాభాను పరిశీలించువారు నేటికిని మొలకలకు గుర్తులు పెట్టి, మరల మరల వచ్చి చూచుచునే యున్నారు.

మఱియొకచోట కత్తిరించుట మాని పచ్చికను దాని ఇచ్చకు విడిచెను. మూడడుగులు, నాలుగడుగులు గల ఆ చిన్న తావులో ఇరువది జాతులుండగా, బలమైనవి పెరిగి తొమ్మిది జాతులను రూపుమాపెను. సర్రే సీమలో ఫార్నమ్ దగ్గఱ బీళ్ళు ఇంకొక పాఠము నేర్పెను. దూరమునుండి చూడగా ఆ బీటిపై పాత తోపులు తప్ప పైన్ చెట్టొక్కటియు లేదు. వంగి పొదల మొదళ్ళలో వెదకగా, ఒక చదరపు గజములో 32 చిన్న చెట్లు దొరకెను. వానిలో ఒకటి, కాండములోని వలయములను బట్టి, 26 ఏండ్లుగా తల యెత్తుటకు ప్రయత్నించుచుండినది. పశువులు ఎప్పటికప్పుడు కొఱికివేయుచుండెను. కంచె వేసినచోటనో, అడవివలె చెట్లు దట్టముగ లేచెను. చెట్టు లేకుండుటకు నేల కారణము కాదు, ఆవు కారణమని కంచె తేల్చిచెప్పినది.

సముద్రము నడుమనున్న దీవులకు మొక్కలెట్లు చేరెనను ప్రశ్న గలపగోస్ నాటినుండి ఆయనను వెన్నాడుచుండెను. విత్తనములను ఉప్పునీటి సీసాలలో నానవేసి, పిదప నాటిచూచెను. హుకరుకు ఇందు నమ్మకము లేదు. తండ్రి గెలుచునా, హుకరు గెలుచునా యని డార్విను పిల్లలకు ఒకటే ఆత్రము. 87 రకములలో 64 రకములు 28 దినములు నానినను మొలచెను. తండ్రి గెలిచెననియే పిల్లలు అనుకొని యుందురు. కాని పచ్చి విత్తనములలో పెక్కు నీట మునిగిపోవునని ఆయనకే తోచెను. మునిగినది మొలవగలిగినను ఏమి లాభము? అందుచే పండిన కాయలతో కూడిన 94 మొక్కలను ఎండబెట్టి తేల్చిచూడగా, 28 దినములకు మించి తేలినవి 18 మాత్రమే. రెండు లెక్కలను కలిపి, నూటికి పదునాలుగు జాతులు అట్లు ప్రయాణింప వచ్చునని నిర్ణయించెను. కొబ్బరికాయ అలలపై తేలివచ్చుట ఎఱిగిన మన తీరవాసులకు ఇది వింత కాకపోవచ్చును. నూటికి ఎన్ని అని అడుగుటయే వింత.

ఒక ఫిబ్రవరిలో చిన్నగుంట అంచున మూడుచోట్లనుండి మూడు పెద్ద చెంచాల బురద తెచ్చి, గదిలో మూతపెట్టి ఆఱునెలలుంచెను. మొలచిన ప్రతి మొక్కను పెఱికి లెక్కవ్రాయగా 537 తేలెను. ఆ బురద యంతయు ఒక కప్పులో పట్టునంతే. నీటిపక్షుల కాళ్ళకంటిన బురదతో ఎన్ని విత్తనములు దేశములు దాటునో ఊహించుకొనవచ్చును.

1858 జూన్‌లో వాలెస్ పంపిన వ్యాసము ఆయన భావములనే వెల్లడించుటయు, జూలై 1న ఇరువురి రచనలును లిన్నేయన్ సొసైటీలో చదువబడుటయు లోకవిదితము. ఆ సభకు డార్విను పోలేదు. అంతకు మూడుదినముల ముందే ఆయన పసిబిడ్డ మరణించెను. జాతుల పుట్టుకను గూర్చిన గ్రంథము 1859 నవంబరు 24న వెలువడెను. పైని చెప్పిన మడి, బీడు, బురద అన్నియు అందు చోటుచేసికొనెను.

పదిమంది సంతానములో ముగ్గురు బాల్యముననే పోయిరి. వారిలో పదేండ్ల ఆనీ 1851లో మరణించుట ఆయనకు తీరని దుఃఖము. మేనరికము వలననే బిడ్డలు బలహీనులైరేమో అను అనుమానము ఆయనను బాధించుచుండెను. స్వపరాగముచే కలిగిన మొక్కలు పరపరాగముచే కలిగిన వానికంటె బలహీనములగుట తోటలో గమనించినప్పుడు ఆ అనుమానమునకు బలము కలుగక మానునా? పదునొకండు సంవత్సరములు ఈ రెండు తెగలను ఒకే కుండీలో ఎదురెదురుగ పెంచి, ఎత్తులు కొలిచి, 1876లో ఫలితములను గ్రంథముగ ప్రకటించెను. పెక్కు జాతులలో పరపరాగపు మొక్కలే ఏపుగ పెరిగెను. 1871 జనాభా లెక్కలలో దాయాదుల వివాహములను గూర్చి ఒక ప్రశ్న చేర్పింప ప్రయత్నించెను గాని పార్లమెంటు అంగీకరింపలేదు. కుమారుడు జార్జి వేఱు మార్గమున లెక్కలు సేకరించి, కీడు ఉన్నను స్వల్పమేనని 1875లో వ్రాసెను.

డార్విను లెక్కలలో లోపములు లేకపోలేదు. కలుపుమడి ఒక్కటే, దానికి తోడుగ మఱి నాలుగు మడులుండిన ఎంత బాగుండెడిది! కుండీలలో కొలిచిన పదునైదు జతల మొక్కజొన్నలను రోనాల్డ్ ఫిషరు తన 1935 నాటి గ్రంథమున మరల పరీక్షించి, ఏ మొక్క ఏ ప్రక్కన నుండవలెనో చీట్లు వేసినట్లు యాదృచ్ఛికముగ నిర్ణయింపకపోవుట కొఱతయని చూపెను. ఆ ఫిషరు వద్దనే కేంబ్రిడ్జిలో పరిశోధన చేసినవారు, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు.

1882 ఏప్రిల్ 19న డార్విను డౌన్‌లో కన్నుమూసెను. ఊరి చర్చి ఆవరణలో నిద్రింప గోరిన ఆయనను వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఖననము చేసిరి. శవపేటిక వెంట నడచిన ప్రముఖులలో హుకరును వాలెసును ఉండిరి. పుష్పించు మొక్కలన్నింటి పేర్లకు పట్టిక కూర్పింపుమని డార్విను ధనమేర్పఱచి యుండెను. హుకరు పర్యవేక్షణలో క్యూ ఉద్యానమువారు దానిని సిద్ధము చేసి, 1893 మొదలు ప్రకటించిరి.