కాటుక రేకల పొడకు రస్సెల్ పేరు
విశాఖ తీరంలో పాములను పరిశోధించిన స్కాట్లాండ్ వైద్యుడు

విశాఖపట్నం: వరిచేల గట్లపై రైతును వణికించే రక్తపింజరను శాస్త్రలోకం రస్సెల్స్ వైపర్ అని వ్యవహరిస్తుంది. ఆ పేరుకు కారకుడైన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ పాములపై పరిశోధన సాగించినది తెలుగునేల మీదనే.

1727లో ఎడిన్‌బరోలో జన్మించిన రస్సెల్ సిరియాలోని అలెప్పోలో ఆంగ్ల వర్తకులకు వైద్యునిగా ఇరవై ఏళ్ల వరకు పనిచేశారు. అక్కడ చెలరేగిన ప్లేగు తీరుతెన్నులను శ్రద్ధగా నమోదు చేశారు. సోదరుడు క్లాడ్ ఈస్టిండియా కంపెనీ అధికారిగా విశాఖపట్నానికి రావడంతో, 1780ల ఆరంభంలో ఆయన వెంట ఇక్కడికి చేరుకున్నారు. 1785లో కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త కోనిగ్ మరణించగా ఆ బాధ్యత రస్సెల్‌కు లభించింది.

పేర్లు తెలుగువారివే

పాముకాటు మరణాలు ఆయనను కలచివేశాయి. ఏది విషసర్పమో, ఏది కాదో తెలియకపోవడమే అసలు చిక్కు అని గ్రహించారు. పాములను సేకరించి కోరలను, పళ్ల వరుసలను, పొలుసులను పరీక్షించారు. స్థానికులు పిలిచే పేర్లనే రాసుకున్నారు. రక్తపింజర ఆయన గ్రంథంలో కాటుక రేకల పొడగా కనిపిస్తుంది. పసుపు, నలుపు పట్టీల కట్లపామును బంగారు పాముగా నమోదు చేశారు. కట్లపాముల జాతికి శాస్త్రజ్ఞులు వాడే బంగారస్ అనే పేరు ఆ తెలుగు మాట నుంచి పుట్టినదే.

చెరువుల్లో, మడుల్లో కప్పలను, చేపలను తిని బతికే నీటిపాము బొమ్మ కూడా ఆ గ్రంథంలో ఉంది. దాని ఆధారంగానే 1799లో జర్మన్ శాస్త్రవేత్త ష్నైడర్ ఆ పాముకు శాస్త్రనామం పెట్టారు.

మాత్రలకు పరీక్ష

నాడు పాముకాటుకు దివ్యౌషధంగా పేరుపడిన తంజావూరు మాత్రలను రస్సెల్ జంతువులపై పరీక్షించారు. వాటిని నమ్మదగిన విరుగుడుగా ఆయన భావించలేదు. విషం లేని పాము కరచినవాడు ఎటూ బతుకుతాడు, ఆ ఖ్యాతి మాత్ర ఖాతాలో పడుతుంది.

1789లో స్వదేశానికి మరలిన రస్సెల్, కోరమాండల్ తీర సర్పాలపై తన గ్రంథాన్ని 1796లో లండన్‌లో వెలువరించారు. అందులో వర్ణించిన 43 పాముల్లో విషం గలవి ఏడే. మరుసటి ఏడాది జార్జ్ షా రక్తపింజరకు ఆయన పేరు పెట్టారు. విశాఖ తీరంలో సేకరించిన 200 చేపలపై ఆయన రాసిన గ్రంథం 1803లో వచ్చింది. అవివాహితునిగానే జీవించి, 1805 జూలై 2న లండన్‌లో కన్నుమూశారు.

నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలకు నేడు ఆసుపత్రుల్లో విరుగుడు మందు ఉంది. అయినా నాటువైద్యంతో కాలయాపన చేసి ప్రాణాలు పోగొట్టుకునేవారు పల్లెల్లో ఇంకా ఉన్నారు. రస్సెల్ రెండు శతాబ్దాల క్రితమే చెప్పిన పాఠం వారికి ఇంకా చేరవలసే ఉంది.