గోండుల ఆత్మబంధువు హైమన్‌డార్ఫ్

తెలంగాణములోని కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో, కొండల నడుమ, మార్లవాయి అను చిన్న గోండు గ్రామము కలదు. అచ్చట ఒక విదేశీయ దంపతుల సమాధులున్నవి. ఏటేట గిరిజనులు అచ్చటికి చేరి పూలుంచి నమస్కరింతురు. దూరదేశమునుండి వచ్చిన ఆ దంపతులను గోండులు తమవారినిగా ఏల తలంచిరో తెలియవలెనన్న హైమన్‌డార్ఫ్ జీవితమును తెలిసికొనవలెను.

హైమన్‌డార్ఫ్ 1909వ సంవత్సరమున ఆస్ట్రియా దేశమునందలి వియన్నా నగరమున జన్మించెను. మానవశాస్త్రము నభ్యసించి, 1936లో మన దేశమునకు వచ్చి, నాగా కొండలలో పరిశోధన గావించెను. పిదప బెట్టీ అను ఆంగ్లవనితను వివాహమాడి, 1939లో ఆమెతో మరల భారతదేశమునకు వచ్చెను. ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధము ప్రారంభమయ్యెను. ఆస్ట్రియాను అదివరకే జర్మనీ ఆక్రమించియుండుటచే అతని చేతనున్నది జర్మను పాసుపోర్టు. కావున బ్రిటిషు ప్రభుత్వము అతనిని శత్రుదేశీయునిగా నెంచెను. అయితే నిజాం ప్రభుత్వము అతనిని చెరలో నుంచక, హైదరాబాదు రాజ్యములో తిరుగుచు గిరిజనులనుగూర్చి పరిశోధించుటకు అనుమతించెను. ఆపద ఈ విధముగా అవకాశమయ్యెను. అతడు మొదట నల్లమల అడవులలోని చెంచుల నడుమను, తరువాత గోదావరి తీరమున కొండరెడ్ల నడుమను నివసించెను.

ఆ దినములలో ఆదిలాబాదు గోండుల స్థితి దుర్భరముగా నుండెను. ఒకప్పుడు ఆ ప్రాంతమున గోండు రాజులు పాలించిరి. వారి సంతతివారు అడవిని నరకి సాగుచేసికొన్న భూములకు పట్టాలు లేవు. ఏటేట పన్ను కట్టి దున్నుకొనుటయే వారెరిగిన హక్కు. చదువెరిగిన పైవారు కచేరీలకు పోయి ఆ భూములనే తమ పేర వ్రాయించుకొనిరి. మరియొక వంక ప్రభుత్వము అడవులకు సరిహద్దులు గీచి, వాని లోపల బడిన పొలములనుండి గోండులను వెడలగొట్టుచుండెను. ఈ అన్యాయమును సహింపలేక కుమురం భీము తనవారిని గూర్చుకొని ఎదిరించెను. 1940లో జోడేఘాటు కొండపై పోలీసులు కాల్పులు జరుపగా భీమును, అతని అనుచరులు పలువురును ప్రాణములు గోల్పోయిరి.

తుపాకి కలహము నణచినను కారణమును తొలగింపలేదు. ఆ కారణము నరయు పనిని ప్రభుత్వము హైమన్‌డార్ఫునకు అప్పగించెను. అతడు భార్యతో మార్లవాయి చేరి, గోండులవలెనే పూరియింట నివసించి, వారి భాష నేర్చెను. జాతరలలో పాల్గొనెను, వారు చెప్పుకొన్న కష్టములను ఓపికతో వినెను. ఇది దొమ్మీ కాదనియు, భూమి గోల్పోయినవారి ఆక్రోశమనియు అతడు గ్రహించెను. భూమిపై హక్కు, తల్లిభాషలో చదువు, తమ తగవులను తామే తీర్చుకొను అధికారము అను మూడును లేక శాంతి కలుగదని ప్రభుత్వమునకు విన్నవించెను.

1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రము వెలసెను. గోండు యువకులే అచ్చట శిక్షణపొంది, గోండు పిల్లలకు గోండి భాషలోనే అక్షరములు నేర్పిరి. దానికై గోండి వాచకములను దేవనాగరి లిపిలో ముద్రించిరి. 1945లో హైమన్‌డార్ఫ్ గిరిజన వ్యవహారములలో ప్రభుత్వమునకు సలహాదారుడయ్యెను. 1946లో గిరిజన ప్రాంతములకు ప్రత్యేక చట్టము పుట్టెను. దానివలన చిన్న తగవులను గిరిజనుల పంచాయతీలే విచారింపవచ్చును. 1949 నాటికి ఆదిలాబాదులో సుమారు 11,000 మంది గిరిజనులకు దాదాపు 1,60,000 ఎకరముల భూమి లభించెను. పన్ను కట్టియు హక్కు నెరుగని రైతు చేతికి పట్టా వచ్చెను.

1949లో హైమన్‌డార్ఫ్ లండను విశ్వవిద్యాలయమున ఉపాధ్యాయ పదవికై వెడలెను. ఆచార్యుడై కీర్తి గడించినను మార్లవాయిని మరువలేదు. 1970 తరువాత మరల వచ్చి చూడగా అతని మనస్సు కలతపడెను. గిరిజనుల భూములు అన్యుల పాలు గాకుండుటకు 1959లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చేసిన చట్టము 1963లో తెలంగాణమునకును వర్తించినది. 1970లో మరింత కఠినమైనది. అయినను వలస వచ్చినవారు భూములను ఆక్రమించుచునే యుండిరి. చట్టము కాగితముపై నుండెను. పొలము మాత్రము చేయి జారుచుండెను. ఈ దుఃఖమును అతడు దాచక 1982లో ఒక గ్రంథమున లోకమునకు వెల్లడించెను. అయినను ఒక విషయము అతనికి ఊరట గూర్చెను. అతడు నాటిన బడులలో చదివిన గోండులు ఉపాధ్యాయులై, తమ హక్కులకై తామే నోరు విప్పుచుండిరి.

1987లో బెట్టీ హైదరాబాదులో మరణింపగా, ఆమె కోరిన చొప్పున మార్లవాయిలో సమాధి చేసిరి. 1995లో హైమన్‌డార్ఫ్ లండనులో కన్ను మూసెను. కొంతకాలమునకు అతని అస్థికలను కూడ తెచ్చి భార్య సమాధి చెంతనే ఉంచిరి.

ప్రభుత్వము పట్టా నీయవచ్చును, చట్టము చేయవచ్చును. ఆ పట్టాను చదువగల పిల్లవాడు ఆ యింట నున్నప్పుడే అది నిలుచును. హైమన్‌డార్ఫ్ భూమితోపాటు బడిని కూడ కోరుట ఇందులకే. నేటికిని గోండులు అతనిని ఆత్మబంధువుగా స్మరించుటయు ఇందులకే.