పళ్ల సెట్టు కోసం మంత్రి పదవి వదిలినవాడు

మా ఓపీకి శామీర్‌పేట వైపు నుంచి ఒక పెద్దాయన వస్తుంటారు. రిటైరైన ఉద్యోగి, పదిహేనేళ్లుగా షుగర్. మందులు తప్పకుండా వేసుకుంటారు, రాత్రిపూట అన్నం మానేశారు. అయినా ఈసారి హెచ్‌బీఏ1సీ బాగా పెరిగింది. నోరు తెరవమంటే కారణం కనిపించింది. చిగుళ్లు ఉబ్బి ఉన్నాయి, కింద రెండు పళ్లు కదులుతున్నాయి. చిగుళ్ల జబ్బు ముదిరితే షుగర్ అదుపులోకి రావడం కష్టం. షుగర్ ఎక్కువగా ఉంటే చిగుళ్లు మానవు. పళ్ల డాక్టరుకు చూపించుకోలేదా అని అడిగాను. ఎప్పుడూ వెళ్లే క్లినిక్ ఇప్పుడు తన వైద్య పథకం కార్డు తీసుకోవడం లేదని చెప్పారు. పాత రేట్లు గిట్టడం లేదట, బిల్లులు నెలల తరబడి రావడం లేదట. ముందు డబ్బు కట్టి, తర్వాత ఆఫీసులో పెట్టి తెచ్చుకోమన్నారట.

ఆ క్లినిక్ డాక్టరును నేను తప్పుపట్టలేను, పెద్దాయననూ తప్పుపట్టలేను. సర్కారుకూ పళ్ల డాక్టర్లకూ మధ్య ఈ పేచీ దేశమంతటి స్థాయిలో మొదలైంది ఇక్కడ కాదు, బ్రిటన్‌లో. దాన్ని మొదలుపెట్టిన మనిషే చివరికి దాని కోసం మంత్రి పదవి వదులుకున్నాడు. ఆయన డాక్టరు కాదు. 13 ఏళ్లకే బడి మాని బొగ్గు గనిలోకి దిగిన కార్మికుడు. పేరు అనైరిన్ బెవాన్.

1897 నవంబరు 15న వేల్స్‌లోని ట్రెడీగర్ అనే గనుల ఊళ్లో పుట్టాడు. తండ్రి డేవిడ్ కూడా గని కార్మికుడే. చిన్నప్పుడు బెవాన్‌కు నత్తి. అది పోగొట్టుకోవడానికి కార్మికుల లైబ్రరీలో పుస్తకాలు తిరగేసేవాడు. పలకలేని మాట వస్తే దాని బదులు ఇంకో మాట వాడేవాడు. అలా అలా బ్రిటిష్ పార్లమెంటులో గొప్ప వక్తల్లో ఒకడయ్యాడు. తండ్రి 1925లో బొగ్గు దుమ్ముతో ఊపిరితిత్తులు పాడై, కొడుకు చేతుల్లోనే పోయాడు. ఆ జబ్బును అప్పటికి వృత్తి జబ్బుగా గుర్తించలేదు కాబట్టి ఇంటికి పైసా పరిహారం రాలేదు.

ఆ ఊళ్లో 1890లో మొదలైన వైద్య సహాయ సంఘం ఒకటి ఉండేది. కార్మికుడి కూలిలో పౌండుకు మూడు పెన్నీలు పట్టుకునేవారు. అంటే నూటికి ఒకటింపావు. ఆ డబ్బుతో సంఘమే డాక్టర్లను, సర్జన్‌ను, నర్సును, పళ్ల డాక్టరును పెట్టుకుంది. ఊళ్లో నూటికి 95 మందికి వైద్యం అక్కడే. యువ డాక్టరుగా ఎ.జె. క్రోనిన్ అక్కడ పనిచేసి, ఆ అనుభవంతోనే తర్వాత ‘ద సిటడెల్’ నవల రాశాడు. బెవాన్ ఊరి ఆసుపత్రి కమిటీలో పనిచేసి ఈ లెక్కలన్నీ దగ్గర నుంచి చూశాడు. మన జీడిమెట్ల, మేడ్చల్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవారి జీతం స్లిప్పులో ఈఎస్‌ఐ కింద 0.75 శాతం కోత కనిపిస్తుందే, దాని వెనుక ఉన్న ఆలోచనా ఇలాంటిదే. కాకపోతే ఇక్కడ యజమాని 3.25 శాతం కడతాడు.

1929లో ఎబు వేల్ నుంచి లేబర్ పార్టీ ఎంపీ అయ్యాడు. మన స్వాతంత్ర్యాన్ని సమర్థించినవారిలో ఆయనా ఒకడు. 1945లో యుద్ధం ముగిశాక వచ్చిన ప్రభుత్వంలో ఆరోగ్య మంత్రి. మూడేళ్లలో, 1948 జులై 5న, జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. ఎవరైనా సరే, జేబులో డబ్బు ఉన్నా లేకున్నా డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చు. డాక్టర్ల సంఘం చివరిదాకా ఎదిరించింది. ఆ గొడవ చాలామందికి తెలిసిందే. నేను చెప్పాలనుకున్నది పళ్ల డాక్టర్ల సంగతి.

వాళ్ల సంఘమూ ఈ సేవలో చేరొద్దని సభ్యులకు చెప్పింది. బెవాన్ వాళ్లను జీతగాళ్లుగా మారమనలేదు. సొంత క్లినిక్ ఉంచుకోవచ్చు, ప్రైవేటు పేషెంట్లనూ చూడొచ్చు. ప్రభుత్వ పేషెంటుకు చేసిన ప్రతి పనికీ ఇంత అని ఫీజు: పన్ను పీకితే ఇంత, సిమెంటు నింపితే ఇంత, సెట్టు కడితే ఇంత. పెద్ద పనులకు ఈస్ట్‌బోర్న్‌లోని బోర్డు ముందుగా అనుమతి ఇవ్వాలి. మన కార్డులకు ఇప్పుడు అడిగే ‘అప్రూవల్’ లాంటిదే. సంఘం వద్దన్నా కొద్ది నెలల్లోనే చాలామంది చేరిపోయారు. కారణం, తలుపుల ముందు జనం బారులు తీరారు.

ఆ జనం ఎక్కడివారు? అప్పటి బ్రిటన్ పేదల నోళ్లను ఊహించుకోండి. పన్ను బాగుచేయించుకోవడానికి డబ్బుండదు, పీకించుకోవడం చవక. పారిశ్రామిక ప్రాంతాల్లో పెళ్లికి ముందే అమ్మాయికి పళ్లన్నీ తీయించి సెట్టు కట్టించేవారు, ముందు ముందు అల్లుడికి ఖర్చు తప్పుతుందని. సెట్టు కొనలేనివారు బోసినోటితోనే ఏళ్లు గడిపారు. ఏడాదికి సుమారు 40 లక్షల మంది వస్తారని ప్రభుత్వం లెక్కవేస్తే, 80 లక్షలకు పైగా వచ్చారు. దాన్ని దుబారా అన్నవాళ్లున్నారు. అవి ఏళ్లుగా పేరుకున్న జబ్బులు. ఉచిత క్యాంపు పెట్టిన మొదటి రోజు మా ఆసుపత్రి వరండా చూస్తే నాకు అదే గుర్తొస్తుంది.

పళ్ల డాక్టర్లు పొద్దున్నుంచి రాత్రిదాకా పనిచేశారు. ఆదాయాలు మంత్రి అనుకున్నదానికి మించిపోయాయి. 1949లో మొదటి కోత పడింది. ఏడాదికి 4,800 పౌండ్ల బిల్లు దాటితే, దాటినదాంట్లో సగమే ఇస్తామన్నారు. కొన్ని నెలలకే దాన్ని తీసేసి ఫీజులన్నీ 20 శాతం తగ్గించారు. 1950లో మరో 10 శాతం. రెండేళ్లు తిరగకముందే ఒప్పందం మూడుసార్లు మారింది. ఫీజు తగ్గితే గంటకు ఇంకొంతమందిని చూసి పూడ్చుకోవాల్సిందే కదా. ఇంకో దెబ్బ పిల్లలకు తగిలింది. జీతం మీద బడిపిల్లల పళ్లు చూసే డాక్టర్లు ఎక్కువ సంపాదన కోసం ఆ ఉద్యోగాలు వదిలి క్లినిక్‌లు పెట్టుకున్నారు. మొదట కాపాడాల్సిన నోళ్లు వెనక్కి వెళ్లాయి.

ఇక్కడ బెవాన్‌ను నేను పూర్తిగా సమర్థించలేను. గనిలో తవ్విన బొగ్గుకు టన్నుకింత అని కూలి ఇస్తే మనిషి ఎలా పనిచేస్తాడో ఆయనకు తెలిసినంతగా ఏ మంత్రికీ తెలియదు. అయినా పళ్లకు అదే పద్ధతి పెట్టాడు. పన్ను నిలబెట్టినందుకు, చిగురు శుభ్రంగా ఉంచినందుకు ఇచ్చేదానికంటే సెట్టు కట్టినందుకు ఎక్కువ దక్కితే ఏమవుతుందో ముందే ఊహించాల్సింది. మందుల చీటీకి షిల్లింగు వసూలు చేసే అధికారాన్ని 1949 చట్టంలో చేర్చినదీ ఆయన ప్రభుత్వమే. అప్పట్లో వసూలు చేయలేదు కానీ తలుపు తెరిచి పెట్టారు.

కొరియా యుద్ధం వచ్చింది, ఆయుధాలకు డబ్బు కావాలి. 1951 ఏప్రిల్‌లో ఆర్థిక మంత్రి గేట్‌స్కెల్ బడ్జెట్‌లో కట్టుడు పళ్లకు, కళ్లద్దాలకు సగం ఖర్చు రోగే పెట్టుకోవాలన్నాడు. దానివల్ల ఆ ఏడాది మిగిలేది కోటీ ముప్పై లక్షల పౌండ్లు. మూడేళ్ల ఆయుధాల పద్దు 470 కోట్ల పౌండ్లు. బెవాన్ అప్పటికి కార్మిక శాఖకు మారాడు, ఇది ఆయన శాఖ గొడవ కాదు. అయినా ఏప్రిల్ 22న రాజీనామా చేశాడు. ఒక్కసారి రోగి దగ్గర చెయ్యి చాపితే ఇక ఆగదని ఆయన వాదన. అదే ఏడాది చివర్లో వచ్చిన కన్జర్వేటివ్ ప్రభుత్వం మరుసటి ఏడాది పళ్ల వైద్యానికి పౌను, మందుల చీటీకి షిల్లింగు వేసింది. ఫీజు పెట్టాక సెట్ల గిరాకీ పడిపోయింది. దాంతో కుర్చీలు ఖాళీ అయి, పళ్లు పీకడం కన్నా బాగుచేయడానికి సమయం దొరికిందనేవారూ ఉన్నారు. అందులో కొంత నిజముంది. ఆ డబ్బు కట్టలేక బోసినోటితో ఉండిపోయినవారి మాటేమిటి అంటే జవాబు లేదు.

మన ఈఎస్‌ఐ చట్టమూ 1948లోనే వచ్చింది. సీజీహెచ్‌ఎస్ 1954లో, మాజీ సైనికుల ఈసీహెచ్‌ఎస్ 2003లో. అల్వాల్, హకీంపేట, శామీర్‌పేట దారిలో ఈ కార్డులున్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ దారిలో క్లినిక్ పెట్టుకున్న కుర్ర డాక్టర్లు ప్యానెల్‌లో చేరాలా వద్దా అని నన్నడుగుతుంటారు. చేరమనే చెబుతాను. కాకపోతే బిల్లు ఆరు నెలలు రాకపోయినా అద్దె, జీతాలు, ల్యాబ్ ఖర్చు కట్టగలిగేంతమంది కార్డు పేషెంట్లనే తీసుకోమంటాను. అనుమతి రాకముందు పెద్ద పని మొదలుపెట్టొద్దు. ఎక్స్‌రే, ఫొటో, తేదీ ఫైల్లో ఉంటే బిల్లు కొట్టేయడం కష్టం. రేట్లు మారి బయటికి రావాల్సి వస్తే, మొదలుపెట్టిన రూట్ కెనాల్ పూర్తిచేసి రండి. సగం తవ్విన పన్నుతో మనిషిని పంపొద్దు.

ఇంట్లోవారికి కూడా ఒక మాట. క్లినిక్ బోర్డు మీద పథకం పేరుందని నమ్మి వెళ్లకండి, ఈ నెలలో ఒప్పందం నడుస్తోందా అని ఫోన్ చేసి అడగండి. డబ్బు కట్టి తర్వాత తెచ్చుకోవాల్సి వస్తే, అందుకు ఏ కాగితాలు కావాలో వైద్యానికి ముందే రాయించుకోండి. షుగర్ ఉన్నవారు నొప్పి లేకపోయినా ఆరు నెలలకోసారి చిగుళ్లు చూపించుకోవాలి. శుభ్రం చేయించుకోవడానికి అయ్యే ఖర్చు, సెట్టుకయ్యే ఖర్చు ముందు లెక్కలోది కాదు.

బెవాన్ 1960 జులై 6న కడుపు క్యాన్సర్‌తో ఇంట్లోనే పోయాడు. ఆయన మొదలుపెట్టిన సేవకు ముందురోజే పన్నెండేళ్లు నిండాయి. వేల్స్‌లో మందుల చీటీకి వేసిన రుసుము 2007లో ఎత్తేశారు. పళ్లకు వేసింది మాత్రం ఇప్పటికీ ఉంది.

మా పెద్దాయన పళ్లు రెండూ తీసేయాల్సి వచ్చింది. డబ్బు ఆయనే కట్టారు. రసీదులన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, పోయినసారి ఓపీకి తెచ్చి నాకు చూపించారు. షుగర్ కొంచెం దిగింది.