ఏకముఖ ప్రవాహపు రాజు – రెనె త్యూరీ

నదులు కొండలలో పుట్టును. నగరములు మైదానములలో పెరుగును. జలపాతము చెంత పుట్టిన విద్యుత్తును దూరపు నగరమునకు చేర్చుట యెట్లు? పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకములలో ఇంజనీర్లను వేధించిన ప్రశ్న యిది. దానికి తనదైన సమాధానము చెప్పి, జీవితాంతము దానినే నమ్ముకొన్నవాడు రెనె త్యూరీ.

ఇతడు 1860లో స్విట్జర్లాండులో జెనీవా చెంత జన్మించెను. చిన్ననాటనే భౌతిక పరికరముల కర్మాగారమున పనికి కుదిరెను. ఇరువది యేండ్ల ప్రాయమున అమెరికా కేగి ఎడిసన్ కర్మశాలలో కొన్ని నెలలు గడపి వచ్చెను.

విద్యుత్తు దూరము పోవలెనన్న వోల్టేజి హెచ్చుగా నుండవలెను. లేనిచో శక్తిలో పెద్దపాలు తీగను వేడిచేయుటకే వ్యయమగును. ఏకాంతర ప్రవాహమునకు ట్రాన్సుఫార్మరు కలదు. ఏకముఖ ప్రవాహమునకు అది పనికిరాదు. ఒక్క డైనమో భరింపగల వోల్టేజియా స్వల్పము. త్యూరీ యేమి చేసెను? దండలో పూలవలె డైనమోలను ఒకదాని వెంట నొకటి గ్రుచ్చెను! అన్నింటి వోల్టేజియు కూడి తీగ కెక్కును. ప్రవాహము స్థిరముగా నుండును. వాడుక పెరిగినపుడు మరియొక యంత్రమును కలుపుదురు, తగ్గినపుడు తొలగింతురు. నగరమున మోటార్లును ఇట్లే వరుసగా నుండును. యంత్రములు నేలకు విద్యుత్తు నంటింపకుండ వానిని బంధకములపై నిలుపవలసి వచ్చెను.

1889లో ఇటలీలోని జెనోవా ప్రాంతమున, గోర్జెంటె జలములతో ఈ పద్ధతి నడచినది. అచ్చటి కేంద్రములకు గాల్వానీ, వోల్టా, పాచినోట్టి యని పేరిడిరి. తమ విద్వాంసులను మరువని ఆ జాతి ముచ్చట మెచ్చదగినది.

1891లోనే జర్మనీలో లౌఫెన్ నుండి ఫ్రాంక్‌ఫర్టుకు ఏకాంతర ప్రవాహము 175 కిలోమీటర్లు సాగెను. లోకము ఆ దారి పట్టినది. త్యూరీ మరలలేదు. 1906లో ఫ్రాన్సులో, ఆల్ప్సు కొండలలోని మూటియే నుండి లియోన్ నగరమునకు సుమారు 200 కిలోమీటర్ల ఏకముఖ మార్గమును నడిపించెను. అందు పది కిలోమీటర్లు భూగర్భ కేబులు. దీనిని మొండితనమందుమా? నాకట్లు తోపదు. పొడవైన కేబులులో ఏకాంతర ప్రవాహము కేబులును నింపుటకే కొంత ఖర్చగును. ఏకముఖ ప్రవాహమున కా బాధ లేదు. అయితే దండలో దారము తెగినచో పూలన్నియు రాలును. కమ్యుటేటర్లపై బ్రష్షులు అరుగును, నిప్పురవ్వలు లేచును; వానికి నిత్యసేవ తప్పదు.

లియోన్ మార్గము 1936లో ఆగిపోయెను. రెండేండ్లకు, 1938లో, త్యూరీ మరణించెను. 1954లో స్వీడనున ఊనొ లామ్ బృందము పాదరసపు వాల్వులతో గోట్లండ్ ద్వీపమునకు సముద్రగర్భమున లక్ష వోల్టుల ఏకముఖ విద్యుత్తును పంపెను. అందు త్యూరీ డైనమోలు లేవు. తీగలోని ప్రవాహము మాత్రము ఆయన నమ్మినదే.