కాగితం మీద కాదన్నారు.. పని చూసి రమ్మన్నారు

కుప్పంలో రైలెక్కో, మదనపల్లె, పుంగనూరుల్లో బస్సెక్కో బెంగళూరుకి ఇంటర్వ్యూకి వెళ్లే ఉంటారు. రెజ్యూమె అందుకున్నవాళ్ల కళ్లు ముందు ఆగేది కాలేజీ పేరు దగ్గరే. ఎప్పుడూ వినని పేరైతే మొహంలో రంగు మారిపోతుంది. ఆ చూపు నాకూ బాగా తెలుసు. అందుకే మీకు చో హావో లీ గురించి చెప్పాలనిపించింది. చర్మం రంగు మార్చే హార్మోన్లకీ, మెదడులో నొప్పిని తగ్గించే పదార్థానికీ ఉన్న చుట్టరికం బయటపడింది ఈయన ల్యాబ్‌లోనే.

ఒక్క సెమిస్టర్ గడువు

లీ 1913లో చైనాలోని కాంటన్‌లో పుట్టారు. 1933లో నాన్‌కింగ్ యూనివర్సిటీలో కెమిస్ట్రీ డిగ్రీ పూర్తిచేసి, అక్కడే రెండేళ్లు పాఠాలు చెప్పారు. పైచదువు కోసం అమెరికాలోని బర్క్‌లీకి దరఖాస్తు పెడితే సీటు ఇవ్వలేదు. మిషిగన్ యూనివర్సిటీ రమ్మంది. 1935లో అక్కడికి వెళ్తూ, బర్క్‌లీలో చదువుతున్న అన్నను చూడ్డానికి దారిలో ఆగారు. పనిలో పనిగా కెమిస్ట్రీ డీన్‌ను కలిశారు. నాన్‌కింగ్‌లో ఉండగా తాను పాలుపంచుకున్న పరిశోధన పత్రాన్ని ఆయన ముందు పెట్టారు. అది చూసిన డీన్ ఒక సెమిస్టర్ పాటు పరీక్షగా చేర్చుకుంటామన్నారు. లీ ఇక మిషిగన్ వెళ్లలేదు. 1938లో అక్కడే పీహెచ్‌డీ పూర్తిచేశారు. 1950లో హార్మోన్ పరిశోధన ల్యాబ్‌కు డైరెక్టర్ అయ్యారు.

గొలుసులో గొలుసు

మెదడు కింద బఠాణీ గింజంత పిట్యుటరీ గ్రంథి ఉంటుంది. లీ జీవితమంతా దాని చుట్టూనే తిరిగింది. అందులోని హార్మోన్లు చాలావరకు అమైనో ఆమ్లాల గొలుసులు. కోడింగ్ వచ్చినవాళ్లు స్ట్రింగ్ అనుకోండి. ఒక్కో అమైనో ఆమ్లం ఒక్కో అక్షరం.

ఏసీటీహెచ్ అనే హార్మోన్‌లో 39 అక్షరాలు. 1950ల్లో ఆ వరస తేల్చిన మొదటి బృందాల్లో లీ బృందం ఒకటి. చర్మంలో రంగు కణాలను పనిచేయించే ఆల్ఫా ఎంఎస్‌హెచ్‌లో 13 అక్షరాలు. విచిత్రమేంటంటే, ఏసీటీహెచ్‌లోని మొదటి 13 కూడా అవే! అడిసన్స్ జబ్బులో చర్మం నల్లబడేది ఇందుకే. అడ్రినల్ గ్రంథులు దెబ్బతింటే ఏసీటీహెచ్ విపరీతంగా పెరిగి, రంగు కణాలనూ తట్టిలేపుతుంది.

1960ల్లో గొర్రెల పిట్యుటరీలో లీ మరో గొలుసు పట్టుకున్నారు. పేరు బీటా లిపోట్రోపిన్, పొడవు 91 అక్షరాలు. అందులో 41 నుంచి 58 వరకు మరో రంగు హార్మోన్ బీటా ఎంఎస్‌హెచ్ దాక్కుని ఉంది. ఆ పెద్ద గొలుసు అసలు పనేంటో తేలలేదు. పదేళ్ల పాటు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

ఒంటె ఇచ్చిన జవాబు

ఒంటెల్లో అది ఎలా ఉంటుందో చూద్దామని లీ ఇరాక్ నుంచి వాటి పిట్యుటరీ గ్రంథులు తెప్పించారు. వెతికింది దొరకలేదు. దాని చివరి 31 అక్షరాల ముక్క మాత్రం దొరికింది. దాన్ని పారేయకుండా దాచి ఉంచారు.

1975 చివర్లో స్కాట్లండ్ శాస్త్రవేత్తలు మెదడులో సహజంగా నల్లమందులా పనిచేసే ఎన్‌కెఫలిన్ల వరస ప్రకటించారు. వాటిలో ఒకదాని ఐదు అక్షరాలు అచ్చంగా లీ ముక్కలో మొదటి ఐదే! పరీక్షిస్తే ఆ ముక్క నొప్పిని గట్టిగా అణిచింది. జంతువుల మెదడులోకి నేరుగా ఇచ్చినప్పుడు మార్ఫిన్ కంటే బలంగా పనిచేసింది. 1976లో ప్రపంచానికి తెలిసిన ఆ ముక్కే బీటా ఎండార్ఫిన్. తర్వాత అసలు గుట్టు తేలింది. పీఓఎంసీ అనే ఒకే పెద్ద ప్రొటీన్‌ను శరీరం తలో చోట కత్తిరించుకుని ఏసీటీహెచ్, ఎంఎస్‌హెచ్, ఎండార్ఫిన్ చేసుకుంటుంది. టమోటా యార్డు ఎండలో నాలుగు రోజులు తిరిగితే మీ చర్మం నల్లబడటం వెనకా ఈ ఎంఎస్‌హెచ్ పాత్ర ఉంది.

తప్పూ చేశారు

లీ దేవుడేం కాదు. మనిషి గ్రోత్ హార్మోన్ వరసను 1966లో ప్రకటించి, దాని ఆధారంగా ల్యాబ్‌లో తయారుచేశామని 1971 మొదట్లో చెప్పారు. అదే ఏడాది వేరే శాస్త్రవేత్త ఆ వరసలో తప్పులు చూపించారు. లీ మళ్లీ కూర్చుని సరిదిద్దుకున్నారు. 1962లో లాస్కర్ అవార్డు వచ్చింది, నోబెల్ మాత్రం రాలేదు. 1987లో చనిపోయారు.

మీ చేతిలో ఏముంది?

ఈ గొలుసులే ఇప్పుడు మందులు. ఎంఎస్‌హెచ్‌ను పోలిన అఫమెలనోటైడ్‌కు 2019లో అమెరికా అనుమతి వచ్చింది. ఎండ తగిలితే తట్టుకోలేని ఓ అరుదైన జబ్బుకు వాడతారు. మెదడులో ఇదే దారిలో ఆకలిని తగ్గించే సెట్‌మెలనోటైడ్‌కు 2020లో వచ్చింది. కెమిస్ట్రీ, బయోటెక్ వాళ్లు పెప్టైడ్ సింథసిస్, హెచ్‌పీఎల్‌సీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ నేర్చుకోండి. బీటెక్ వాళ్లకూ ఓ చిన్న పని. యూనిప్రాట్ డేటాబేస్ ఉచితం. అందులో మనిషి పీఓఎంసీ వరస 267 అక్షరాలు. దాన్ని దించుకుని, ఏసీటీహెచ్, ఎంఎస్‌హెచ్, ఎండార్ఫిన్ ఎక్కడున్నాయో చూపే పైథాన్ ప్రోగ్రామ్ రాయండి. రెండు సాయంత్రాల పని.

కాలేజీ పేరు మార్చుకోలేం. కానీ లీ సంచిలో ఓ పరిశోధన పత్రం ఉంది. బెంగళూరు వెళ్లేటప్పుడు మీ సంచిలో ఏం ఉంటుందో ఇవాళే తేల్చుకోండి.